అలాస్కాకి తొలి క్రూయిజ్: చెన్నై కుటుంబం ఏ ఓడ ఎక్కాలి, ఏ దారిన వెళ్లాలి

చెన్నై హార్బర్‌లో కార్డీలియా ఎక్కి నాలుగు రాత్రులు సముద్రం చూసొచ్చిన కుటుంబాలు తర్వాత అడిగే ప్రశ్న ఒకటుంది: "అలాస్కా వెళ్దామనుకుంటున్నాం, ఏ ఓడ బాగుంటుంది?" అలాస్కాలో ఓడ సంగతి తర్వాత. ముందు దారి తేల్చుకోవాలి. ఎక్కడ ఎక్కుతాం, ఏ గ్లేసియర్ (మంచునది) దగ్గరికి వెళ్తుంది, ఏ ఊళ్లో ఎన్ని గంటలు ఆగుతుంది అన్నవి కుదిరాక అందులో దొరికే ఓడల్లో ఒకటి ఎంచుకుంటే సరి. పై డెక్కు మీద వాటర్ స్లైడ్ ఎంత పొడుగున్నా, బయట 12 డిగ్రీల చలిలో ముసురు పడుతుంటే పిల్లలు ఒక్కసారి జారి, వణుక్కుంటూ లోపలికి పరిగెత్తుకొస్తారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. అమ్మానాన్నలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, కుదిరితే ఒక తాతయ్య, అమ్మమ్మ. ఇలాంటి కుటుంబానికి మే చివరి వారంలో వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగే 7 రాత్రుల ప్రయాణం, అందులో గ్లేసియర్ బే ఒక రోజు. ఈ కొలతకి సరిగ్గా సరిపోయే క్రూయిజ్ కంపెనీ హాలండ్ అమెరికా. ప్రిన్సెస్ దాని వెంటే వస్తుంది. పిల్లలు 12 ఏళ్ల లోపువాళ్లయి, ఓడలో ఆటపాటలే ముఖ్యమనుకుంటే రాయల్ కరేబియన్. కాకపోతే దానికి గ్లేసియర్ బే వదులుకోవాలి.

ఇక ఎందుకో చూద్దాం. వీసాతో మొదలుపెట్టాలి, ఎందుకంటే సగం ప్రయాణాలు అక్కడే చెడతాయి.

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగితే అమెరికా వీసా ఒక్కటే చాలనుకుంటారు. చాలదు. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, అమెరికా రేవులన్నీ తిప్పి మళ్లీ అక్కడే దింపాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవుని తాకాలి. ఈ పెద్ద ఓడలు బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి దేశాల జెండా కిందే నడుస్తాయి. అందుకే సియాటిల్ ఓడలు చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో నాలుగైదు గంటలు ఆగుతాయి. చాలాసార్లు చీకటి పడే వేళకి ఆగుతాయి, చూసేది తక్కువ. ఆ కాస్త సేపటికీ భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కెనడా విజిటర్ వీసా ఉండాల్సిందే. "మేం ఓడ దిగం" అన్నా కుదరదు. వీసా లేకపోతే సియాటిల్ రేవులోనే వెనక్కి పంపుతారు. అంటే ఎటు నుంచి వెళ్లినా రెండు వీసాలూ తప్పవు. తప్పనప్పుడు మంచి దారే ఎంచుకోవచ్చుగా.

ఆ పాత చట్టం మరో దెబ్బ కూడా కొడుతుంది. చెన్నై నుంచి విమానం ఆలస్యమై సియాటిల్‌లో ఓడ తప్పిపోయిందనుకోండి. అలాస్కాలోని జూనోకి ఇంకో విమానంలో వెళ్లి అక్కడ ఎక్కేద్దామంటే ఒప్పుకోరు. జూనోలో ఎక్కి సియాటిల్‌లో దిగడమంటే అమెరికాలోని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి ప్రయాణించినట్టు లెక్క, మధ్యలో విక్టోరియా తాకినా సరే. వాంకూవర్ నుంచి వాంకూవర్‌కి వెళ్లే ఓడకి ఈ చిక్కు లేదు. కంపెనీ ఒప్పుకుంటే తర్వాతి రేవులో అందుకోవచ్చు. రెండు మూడు విమానాలు మారి వెళ్లే చెన్నై వాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. అయినా ఓడ బయల్దేరడానికి రెండు రోజుల ముందే వాంకూవర్ చేరుకోండి. అక్కడి వేసవి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. పగలు రాత్రి తారుమారైన పిల్లల్ని నేరుగా ఓడెక్కిస్తే మొదటి రెండు రోజులు భోజనాల బల్ల మీదే తలవాల్చి నిద్రపోతారు.

వీసా పనికి ఏడాది ముందు కదలాలి. అమెరికా బీ1/బీ2 (విజిటర్ వీసా) ఫీజు మనిషికి 185 డాలర్లు. 2025 సెప్టెంబరు 2 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలూ, 79 దాటిన పెద్దలూ కూడా మామూలుగా ఇంటర్వ్యూకి రావాలి. కాబట్టి జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేట్‌కి కుటుంబమంతా వెళ్లేలా తేదీ చూసుకోండి. కెనడాది మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85, కుటుంబమంతా కలిసి పెడితే వేలిముద్రల ఫీజు 170కి మించదు. 14 ఏళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు. ముందు అమెరికా వీసా తెచ్చుకుని, తర్వాత కెనడాకి పెట్టుకోవడం మేలు. అమెరికా ఇంటర్వ్యూ తేదీ మన చేతిలో ఉండదు, కెనడా పని అంతా ఆన్‌లైన్‌లో, వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్లో సాగుతుంది. కెనడాకి మల్టిపుల్ ఎంట్రీ దొరికితే నిశ్చింత, ఎందుకంటే ఓడ దిగి మళ్లీ కెనడాలోకే అడుగుపెడతారు. రెండు వీసాలూ చేతికొచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్ కొనొద్దు. ఏజెంటు "ఇవాళే ఆఫర్ ముగుస్తుంది" అని తొందరపెట్టినా సరే. అలాంటి ఆఫర్ వచ్చే వారం ఇంకో పేరుతో మళ్లీ వస్తుంది.

వాంకూవర్‌లో ఓడలు కెనడా ప్లేస్ దగ్గర ఆగుతాయి. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే, ఓడ ఎక్కకముందే అయిపోతుంది. ఒకేరోజు మూడు ఓడలుంటే క్యూ గంటన్నర దాటుతుంది, ముసలివాళ్లుంటే వీల్‌చైర్ ముందే అడగండి.

సముద్రం సంగతికొస్తే, వాంకూవర్ నుంచి బయల్దేరిన ఓడ వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న సన్నటి జలమార్గంలో వెళ్తుంది. రెండు పక్కలా కొండలు, నీళ్లు చెరువులా ఉంటాయి. సియాటిల్ ఓడలు ఎక్కువగా ఆ ద్వీపానికి పడమర, పసిఫిక్ నడిసంద్రంలో పోతాయి. అలలు తగులుతాయి, తీరం కనిపించదు. బ్రోషర్లో రెండింటికీ "ఇన్‌సైడ్ పాసేజ్" అనే రాస్తారు. వాంతుల భయం ఉన్నవాళ్లకి ఈ తేడా ఒక్కటే చాలు. కింది డెక్కుల్లో, ఓడ నడిమధ్య గది తీసుకుంటే ఊగడం తక్కువ. అవోమిన్ లాంటి మాత్ర పిల్లలకి ఎంత ఇవ్వాలో చెన్నైలోనే డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి. ఓడలో డాక్టర్ దగ్గర కూర్చుంటేనే డాలర్లలో బిల్లు. ఇంకోమాట, వాంకూవర్‌లో లయన్స్ గేట్ వంతెన కింద 61 మీటర్లే ఖాళీ ఉంటుంది, అందుకని మరీ ఎత్తైన ఓడలు సియాటిల్ నుంచే తిరుగుతాయి. ఓడే ఊరంత కావాలంటే ఆ దారి తప్పదు.

గ్లేసియర్ల దగ్గరే అసలు మోసపోయేది. "గ్లేసియర్ వ్యూయింగ్" అని రాసి ఉంటే ఆగి, పేరు అడగండి. పేర్లు నాలుగైదే.

గ్లేసియర్ బే నేషనల్ పార్కు. రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. అనుమతులు ఎక్కువగా హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ చేతుల్లో ఉన్నాయి, నార్వీజియన్‌కీ కొన్ని ఉన్నాయి. రాయల్ కరేబియన్, సెలబ్రిటీ వెళ్లవు. పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి రోజంతా మైకులో వివరిస్తారు, పిల్లలకి జూనియర్ రేంజర్ పుస్తకం ఇస్తారు. ఓడ ఎక్కడా ఆగదు, ఎవరూ దిగరు. మార్జరీ గ్లేసియర్ ముందు గంటసేపు మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ వచ్చినప్పుడు ఈ బే అంతా మంచే, నోటి దగ్గరే అడ్డంగా గోడలా నిలబడి ఉంది. ఇవాళ ఓడ వంద కిలోమీటర్లు లోపలికి పోతే గానీ ఆ మంచు అందదు. పక్కనున్న జాన్స్ హాప్‌కిన్స్ పాయని సీల్ జంతువులు పిల్లల్ని పెడతాయని మే 1 నుంచి ఆగస్టు 31 దాకా క్రూయిజ్ ఓడలకి మూసేస్తారు. ఎవరైనా జూన్‌లో అది చూపిస్తామంటే నమ్మొద్దు.

హబ్బర్డ్ గ్లేసియర్ ఉత్తర అమెరికాలో సముద్రంలోకి దిగే గ్లేసియర్లలో అతి పెద్దది, పొడవు 122 కిలోమీటర్లు. ముక్కలు విరిగిపడితే ఉరిమినట్టుంటుంది. చిక్కేమిటంటే మే, జూన్‌లలో ముందు తేలే మంచు దట్టంగా ఉండి ఓడలు ఎన్నోసార్లు దూరం నుంచే తిరిగిపోతాయి. ఎండికాట్ ఆర్మ్ అనే సముద్రపు పాయ ఇంకా సన్నం, మంచు పేరుకుంటే పెద్ద ఓడ చివరిదాకా పోలేదు. ట్రేసీ ఆర్మ్ పేరు పాత బ్రోషర్లలో ఇంకా కనిపిస్తుంది. 2025 ఆగస్టు 10న అక్కడ సౌత్ సాయర్ గ్లేసియర్ పక్కన కొండ విరిగిపడి ఆ పాయలో పెద్ద అల లేచింది, ఆ తర్వాత కంపెనీలు దాన్ని వదిలి ఎండికాట్‌కి మళ్లాయి. మే నెలలో వెళ్లేవాళ్లకి చివరిదాకా తీసుకెళ్లే అవకాశం ఎక్కువున్నది గ్లేసియర్ బేలోనే.

మే ఎందుకంటే, మన బడి సెలవులు అప్పుడే. ఆగ్నేయ అలాస్కాలో ఏప్రిల్, మే, జూన్‌లే కాస్త పొడినెలలు. కొండల మీద మంచు ఇంకా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి, జూలై కంటే ఛార్జీలు తగ్గుతాయి. హంప్‌బ్యాక్ తిమింగలాలు అప్పటికే వచ్చేసి ఉంటాయి. పోగొట్టుకునేది ఎలుగుబంట్లు సాల్మన్ చేపలు పట్టే దృశ్యం, అది జూలై, ఆగస్టులది. సెప్టెంబరు చవక, కానీ వానలూ అలలూ ఎక్కువ, పైగా మన పిల్లలకి క్వార్టర్లీ పరీక్షలు.

ఊళ్ల సంగతి. జూనోకి రోడ్డు లేదు, ఓడో విమానమో తప్ప దారి లేదు. అక్కడ కనీసం 9 గంటలు ఆగే ఓడ చూడండి. తిమింగలాల పడవకి బస్సుతో కలిపి నాలుగు గంటలు పోతాయి, మిగతా సమయంలో మెండెన్‌హాల్ గ్లేసియర్ దగ్గర నగ్గెట్ ఫాల్స్ దాకా నడవచ్చు. రానూపోనూ 3 కిలోమీటర్ల చిల్లర, దాదాపు సమతలం, ముసలివాళ్లు కూడా నెమ్మదిగా వెళ్లగలరు. సాయంత్రం వచ్చి అర్ధరాత్రి వెళ్లిపోయే ఓడైతే ఈ రెండింట్లో ఒకటే కుదురుతుంది.

స్కాగ్వేలో వైట్ పాస్ రైలు. క్లోండైక్ బంగారం వేటలో 1898లో మొదలుపెట్టి 1900కల్లా పూర్తి చేసిన నారోగేజ్ లైను. శిఖరం దాకా వెళ్లొచ్చే టికెట్ కొంటే మూడు గంటల లోపే, రైలు దిగరు కాబట్టి సరిహద్దు తనిఖీ గొడవ లేదు. ఎక్కేటప్పుడు ఎడమ కిటికీ పట్టుకోండి, లోయ అటే. ఊటీ రైలు ఎక్కినవాళ్లకి పెట్టె కొత్తగా అనిపించదు, లోయ అనిపిస్తుంది. కెనడాలోకి పోయే బస్సు, రైలు కలిపిన టూర్ తీసుకుంటే పాస్‌పోర్టులు ఓడ లాకర్లో వదిలి రావద్దు. ఈ తప్పు ప్రతి ఓడలోనూ ఎవరో ఒకరు చేస్తారు.

కెచికాన్‌లో ఏడాదికి మూడున్నర మీటర్లకి పైగా వాన. టోటెం స్తంభాలు (అక్కడి ఆదివాసులు చెక్కిన చెక్క స్తంభాలు), క్రీక్ స్ట్రీట్ నడిచే చూడొచ్చు, టూర్ కొనక్కర్లేదు. నార్వీజియన్ ఓడలు మాత్రం ఊరికి 11 కిలోమీటర్ల అవతల వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, ఊళ్లోకి బస్సు ఎక్కాలి, తిరిగి రావడానికి క్యూ కట్టాలి. ఆగేదే ఆరు గంటలైతే అందులో గంటన్నర బస్సుకే పోతుంది. సిట్కాలో కూడా పెద్ద రేవు ఊరికి దూరమే, కానీ అక్కడ బస్సులు చురుగ్గా నడుస్తాయి.

ఇప్పుడు ఓడలు. హాలండ్ అమెరికా ఓడలు మధ్యస్థం, 2,700 మంది లోపు. వాటి గొప్ప కింద డెక్కు చుట్టూ పూర్తిగా తిరిగే చెక్క నడవా. గ్లేసియర్ రోజున ఎవరి బాల్కనీ కంటే అదే మేలు. పెద్దవాళ్లు ఎక్కువ, రాత్రి పదికల్లా సద్దుమణుగుతుంది. పిల్లల క్లబ్బు ఉందంటే ఉంది. 13 ఏళ్ల కుర్రాడికి మూడో రోజు విసుగొస్తుంది, ఇది దాచాల్సిన పని లేదు. గ్లేసియర్ రోజున డెక్కు మీద డచ్ బఠాణీ సూప్ పంచుతారు. సంప్రదాయంగా అందులో పంది మాంసం వేస్తారు, శాకాహారులు అడగకుండా కప్పు అందుకోవద్దు.

ప్రిన్సెస్‌లో మెడలో వేసుకునే మెడాలియన్ బిళ్ల ఉంటుంది. తలుపు అదే తీస్తుంది, ఓడలో తాతయ్య ఎక్కడున్నారో ఫోన్లో చూపిస్తుంది. మూడు తరాలు కలిసి వెళ్తే ఇది ఎంత పనికొస్తుందో రెండో రోజుకి తెలుస్తుంది. వాళ్ల కొత్త ఓడల్లో చుట్టూ తిరిగే నడవా లేదు, అదొక లోటు. పైగా ప్రిన్సెస్ ఎక్కువగా సియాటిల్ రౌండ్ ట్రిప్, లేదంటే వాంకూవర్ నుంచి ఆంకరేజ్ దగ్గరి రేవు విట్టియర్ దాకా ఒకవైపు ప్రయాణం నడుపుతుంది. ఒకవైపు ప్రయాణంలో గ్లేసియర్లు రెండు వస్తాయి గానీ, ఆంకరేజ్ నుంచి చెన్నైకి తిరుగు ప్రయాణం పిల్లలతో చుక్కలు చూపిస్తుంది. తొలిసారికి వద్దు.

రాయల్ కరేబియన్ క్వాంటం తరగతి ఓడల్లో 4,000 మందికి పైగా ఉంటారు. లోపల వేడి కొలను, బంపర్ కార్లు, పైకి లేచే గాజు గది నార్త్ స్టార్. వానపడ్డ రోజున పిల్లల్ని ఓడ చూసుకుంటుంది. నార్వీజియన్‌లో భోజనం వేళల పట్టింపు లేదు, గో కార్ట్ ట్రాక్ ఉంది, వార్డ్ కోవ్ ఒక్కటే నస. డిస్నీ వాంకూవర్ నుంచే వెళ్తుంది, చిన్నపిల్లలకి దాన్ని కొట్టింది లేదు, ధర చూస్తే మాత్రం అదే డబ్బుతో ఇంకో ఓడలో తాతయ్య, అమ్మమ్మలకి కూడా గది వస్తుంది. అన్నిట్లోనూ పిల్లల క్లబ్బుకి మామూలుగా 3 ఏళ్లు నిండాలి, డైపర్ మానేసి ఉండాలి. 6 నెలల లోపు పసివాళ్లని ఎక్కించుకోరు.

గదుల దగ్గర ఒక కిటుకు. ఛార్జీ ఒక గదిలో ఇద్దరి లెక్కన చూపిస్తారు, మూడో, నాలుగో మనిషికి తక్కువ. కానీ నలుగురి గదులు అన్నిటికంటే ముందు అయిపోతాయి, ఎందుకంటే లైఫ్‌బోటు లెక్క ప్రకారం ఓడలో ఒక్కో భాగానికి ఇంతమందే అని పరిమితి ఉంటుంది. గది ఖాళీ ఉన్నా నాలుగో మనిషిని చేర్చరు. నలుగురు ఒకే బాల్కనీ గదిలో ఇరుక్కునే బదులు ఒక బాల్కనీ గది, దానికి ఎదురుగా కిటికీ లేని ఒక లోపలి గది తీసుకోండి. జూన్ దగ్గర జూనోలో సూర్యుడు రాత్రి పది దాకా దిగడు, లోపలి గదిలో దీపం తీస్తే చిమ్మచీకటి, పిల్లలు హాయిగా పడుకుంటారు. గ్లేసియర్ దగ్గర ఓడ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి రౌండ్ ట్రిప్‌లో కుడా ఎడమా అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. "గ్యారంటీ క్యాబిన్" అని చవకగా ఇచ్చేది మాత్రం తీసుకోవద్దు, గది ఎక్కడో వాళ్లే నిర్ణయిస్తారు. రెండు గదులు రెండు చివర్లలో పడొచ్చు.

టికెట్ మీద పడే పైఖర్చులు: టిప్పు మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్లు, పిల్లలకీ వేస్తారు. నలుగురికి 7 రోజులకి 18 చొప్పున 504 డాలర్లు. తిమింగలాల టూరు, రైలు ఒక్కొక్కటి మనిషికి 150 డాలర్ల చుట్టుపక్కల, ఆపైన. ఓడవాళ్ల దగ్గర కొన్న టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, బయట చవకగా కొన్నది ఆలస్యమైతే ఆగదు. తొలిసారికి ఒకటి ఓడ దగ్గర, ఒకటి బయట కొనండి. బయటది ఓడ బయల్దేరే సమయానికి రెండు గంటల ముందే ముగిసేలా చూసుకోవాలి. ఇక్కడి ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు, రిటర్ను వేసేటప్పుడు సర్దుకోవచ్చు.

బట్టలకి టీ నగర్ తిరగాల్సిన పని లేదు, డెకాథ్లాన్ చాలు. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన తలకప్పున్న వాటర్‌ప్రూఫ్ జాకెట్. ఊటీ కోసం కొన్న ఉన్ని స్వెట్టర్ ఒక్కటే వేసుకుంటే వాన పీల్చుకుని బరువెక్కుతుంది. జీన్స్ కూడా అంతే. డెక్కు మీద గాలికి గొడుగు నిలవదు. చీర మానని అమ్మమ్మ ఉంటే లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకి మేజోళ్లు, పట్టున్న బూట్లు, చీర కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి. తడి చెక్క మీద చెప్పులు జారతాయి. ఇద్దరికి ఒక బైనాక్యులర్ పట్టుకెళ్లండి. ఒక్కటే ఉంటే తిమింగలం కనిపించిన క్షణాన అది ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటుంది.

తిండికి భయపడక్కర్లేదు, కాస్త ముందుచూపు కావాలి. బుక్ చేసినప్పుడే శాకాహారం అని రాయించండి, గుడ్డు తినకపోతే అది విడిగా రాయించండి, వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడి మర్నాటి భోజనం ముందురోజే చెప్పే ఏర్పాటు చేసుకుంటే పప్పు, కూర, రొట్టె వస్తాయి. వంటగదిలో మనవాళ్లుంటే ఇంకా మేలు. ఇడ్లీ మీద ఆశలు పెట్టుకోవద్దు. ఉదయం బఫేలో చప్పటి పెరుగు ఉంటుంది, ఒక గిన్నెడు అడిగి పెట్టుకుంటే మధ్యాహ్నం పెరుగన్నం గడిచిపోతుంది. కందిపొడి, ఆవకాయ దుకాణంలో సీలు వేసినవే తీసుకెళ్లండి. ఇంట్లో వండిన తిండిని చాలా కంపెనీలు రానివ్వవు. రైస్ కుక్కర్, కెటిల్ సామాన్ల తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు, దిగే రోజున తిరిగిస్తారు. వేడినీళ్లు బఫేలో రోజంతా దొరుకుతాయి. ఓడలో ఇచ్చిన యాపిల్, శాండ్‌విచ్ సంచిలో వేసుకుని రేవులో దిగొద్దు.

ఇన్ని వీసాలు మావల్ల కాదు అనుకుంటే నార్వే ఉంది. కోపెన్‌హాగన్, కీల్, హాంబర్గ్‌లలో ఎక్కితే ఒక్క షెంగెన్ వీసాతో (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) అయిపోతుంది. సౌతాంప్టన్‌లో ఎక్కితే మళ్లీ బ్రిటన్ వీసా కూడా, అది మరిచిపోవద్దు. ఎంఎస్‌సీ అనే క్రూయిజ్ కంపెనీ తరచూ అమ్మానాన్నల గదిలో ఉండే పిల్లలకి రేవు పన్నులు మాత్రమే తీసుకుంటుంది, నలుగురికి బాగా కలిసొస్తుంది. గైరాంగర్ ఫ్యోర్డ్ (కొండల మధ్య సన్నటి సముద్రపు పాయ), ఫ్లామ్ ఊరు, అక్కణ్నించి 20 కిలోమీటర్ల కొండరైలు ఉన్న దారి చూడండి. మే నెలలో మంచు కరిగి జలపాతాలు నిండుగా ఉంటాయి. గైరాంగర్ పైన డాల్స్‌నిబ్బా రోడ్డు మాత్రం నెల రెండో సగంలో గానీ తెరవరు, కాబట్టి 20వ తేదీ తర్వాత ఓడ అయితే మేలు. ఇక్కడ ఓడ ముందు మంచుగోడ విరిగిపడదు. స్వాల్‌బార్డ్ కలిపిన దారి ఎంచుకుంటే వీసా డబుల్ ఎంట్రీ అడగాలి. ఆ దీవులు నార్వేవే అయినా షెంగెన్‌లో లేవు, అక్కణ్నించి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా ప్రవేశించినట్టే లెక్క.